సుఖీలాలా ఖాతా పుస్తకం మన్యంలో ఇంకా తెరిచే ఉంది

పేదరికంపై తీసిన హిందీ చిత్రాలలో 'మదర్ ఇండియా'కు దక్కినంత గౌరవం మరి దేనికీ దక్కలేదేమో. 1957 అక్టోబర్‌లో విడుదలైన నాటి నుండి దానిని గురించి మాట్లాడే వారందరూ రాధ ఓర్పునే కీర్తిస్తున్నారు. భర్త విడిచిపోయినా, వరద పంటనూ పసిబిడ్డనూ పొట్టన పెట్టుకున్నా, నాగలి కాడిని తన భుజానికెత్తుకొని పొలం దున్నిన తల్లి ఆమె. చివరకు ఊరి ఆడపిల్ల మానం కాపాడటానికి కన్నకొడుకు బిర్జూను కాల్చిన తల్లి. 1971లో తాపీ చాణక్య ఇదే కథను 'బంగారు తల్లి'గా తెలుగులో తీసినప్పుడు జమునను చూసి మన ప్రేక్షకులూ కన్నీరు పెట్టుకున్నారు. ఆ కన్నీటితో మాకు పేచీ లేదు. ఓర్పును స్తుతించి, ఆ ఓర్పు ఎవరి లాభానికి అవసరమైందో అడగకుండా లేచిపోయే అలవాటుతోనే మా పేచీ.

ఈ కథ మొదలయ్యేది ఒక కాగితం దగ్గర. రాధ పెళ్ళికోసం అత్తగారు సుఖీలాలా వద్ద 500 రూపాయలు అప్పు తెచ్చింది. నోటితో అనుకున్న షరతు ఒకటి, కాగితంపై ఉన్నది మరొకటి. చదువురాని ఆ ముసలామెకు తాను దేనికి ఒప్పుకున్నదో తెలియదు. తగవు ఊరి పెద్దల ముందుకు వెళితే వారు కాగితం పక్షమే వహించారు. అప్పటి నుండి పంటలో నాలుగింట మూడు వంతులు వడ్డీ కిందనే జమ. వరద రాకముందే, భర్త చేతులు బండ కింద నలగకముందే ఆ కుటుంబం ఓడిపోయింది. దర్శకుడు మెహబూబ్ ఖాన్‌కు ఈ సంగతి బాగా తెలుసు. 1940లో ఇదే కథను ఆయన 'ఔరత్' పేరుతో తీశారు. రెండు చిత్రాలలోనూ వడ్డీ వ్యాపారి కన్హయ్యాలాలే. నడుమ 17 ఏళ్ళు గడిచి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గాని షావుకారు మారలేదు.

మాటలు వజాహత్ మీర్జా, అలీ రజాలవి, పాటలు షకీల్ బదాయూనీవి, సంగీతం నౌషాద్‌ది, రాధ పాత్ర నర్గీస్‌ది. ఒక హిందూ రైతు ఇంటి కథను ఇందరు ముస్లింలు కలిసి చెబితే దేశం దానిని తన కథగానే స్వీకరించి ఆస్కార్‌కు పంపింది. నేటి వాతావరణంలో ఈ మాట గుర్తు చేయక తప్పడం లేదు.

చిత్రం చూపిన రోగానికి చికిత్స ఏది? చిత్రంలో దొరికేది కాలువ. వృద్ధురాలైన రాధ చేత దానిని ప్రారంభింపజేయడంతోనే కథ మొదలవుతుంది. ఆనాటి ఆశ అది, తప్పు పట్టలేము. కాని చిత్రం రావడానికి రెండేళ్ళ ముందే, 1955లో, అరకుకు ఎగువన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. దానికోసం కట్టిన జలాపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగాయి, విద్యుత్తు మైదానానికి దిగింది. ఆ కొండలలోని రాధలకు ప్రారంభోత్సవ పూలమాల ఎవరూ వేయలేదు.

సుఖీలాలా కాగితానికి సరైన జవాబు కాలువ కాదు, చట్టం. తెలుగునాట ఆ జవాబు అన్నిటికన్నా స్పష్టంగా రాసి ఉన్నది ఈ తూర్పు కనుమలలోనే. ఏజెన్సీలో గిరిజనుని అప్పుపై వడ్డీకి, అతని భూమి బదిలీకి 1917 నాటి చట్టమే హద్దులు పెట్టింది. అప్పు తీరేవరకు మనిషినే తాకట్టు ఉంచుకొనే గొత్తి పద్ధతిని 1940లో నిషేధించారు. 1959లో భూబదిలీ నిబంధన, 1960లో వడ్డీ వ్యాపారులపై నిబంధన వచ్చాయి. కాగితంపై అన్నీ ఉన్నాయి. సంతలో మాత్రం చింతపండు, పిప్పళ్ళు, కొండచీపుర్లు షావుకారు చెప్పిన ధరకే పోయేవి, పాత బాకీ అలాగే ఉండేది. గిరిజన సహకార సంస్థ 1956లోనే పుట్టినా ఆ పట్టు ఒక్కసారిగా సడలలేదు.

1967 అక్టోబర్ 31న శ్రీకాకుళం మన్యపు అంచున లేవిడి వద్ద భూస్వాముల మనుషుల కాల్పులలో ఇద్దరు గిరిజనులు మరణించారు. 'మదర్ ఇండియా' విడుదలై అప్పటికి పదేళ్ళు దాటి ఒక వారం. తరువాత ఆ కొండలు భగ్గుమన్నాయి, ఎందరో బిర్జూలు తుపాకులకు బలయ్యారు. ఆ మంటల నడుమ, 1970 ఫిబ్రవరిలో, '1/70' వచ్చింది. మేము హింసను సమర్థించడం లేదు. అయితే ఓర్చుకున్నంత కాలం రాని చట్టం రక్తం చిందాక ఎందుకు వచ్చిందో ఓర్పును కీర్తించే పెద్దలు చెప్పాలి.

1/70 చేసిన పని ఏమిటో మైదానంలో చాలామందికి తెలియదు. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుండే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం పట్టుకున్నవానిదే. గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి అమ్మినా చెల్లదు. ఊరి పెద్దలు సుఖీలాలా కాగితాన్ని నమ్మిన పంచాయతీని ఈ నిబంధన తలకిందులు చేసింది. కాగితం చూపించినంత మాత్రాన గెలుపు కాదు, ఆ కాగితం ఎలా పుట్టిందో లాలాయే చెప్పాలి. 1997 జులైలో సమతా కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. అనంతగిరి మండలం బొర్రా పరిసర గ్రామాల గనుల లీజులపై వచ్చిన ఆ కేసులో, ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తి'యేననీ, షెడ్యూల్డ్ ప్రాంత భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం దానికీ కుదరదనీ తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఆ ఖాతాను మళ్ళీ తిరగరాసే ప్రయత్నం సాగుతోంది. ఏజెన్సీ పాఠశాలలలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 జనవరి నాటి 3వ నంబరు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలు కాపాడబడ్డాయి. ముందు తరం మాటేమిటి? ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే బిడ్డకు ఆ భాష తెలిసిన పంతులు లేకపోతే ఆ బిడ్డ బడిలో ఎన్నాళ్ళుంటాడు? కాగితం చదవలేని మరొక తరం తయారైతే సంతోషించేది ఎవరు? నూటికి నూరు కుదరదని న్యాయస్థానం అన్నది, సరే. రాజ్యాంగ పరిధిలో ఎంత కుదురుతుందో అంతకు గట్టి చట్టం తెచ్చే బాధ్యత ప్రభుత్వానిది. పర్యాటక రంగానికి 1/70 అడ్డమన్న మాట బాధ్యత గల స్థానం నుండే వెలువడినందుకు 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. చట్టాన్ని సవరించబోమని ముఖ్యమంత్రి హామీ ఇవ్వవలసి వచ్చింది. కాని సవరించకుండానే చట్టానికి గండి కొట్టే దారులున్నాయి. పట్టా గిరిజనుని పేరిట, పెత్తనం మరొకరిది. లీజు నోటిమాట, అద్దె మాత్రం ప్రతి నెలా నగదు.

కొండల తగవు మైనారిటీ పత్రికకెందుకని అడిగేవారికి మా జవాబు చిన్నది. 2007 చట్టంతో మనకు దక్కిన 4 శాతం రిజర్వేషన్‌ను 2010లో హైకోర్టు కొట్టివేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీదనే అది నేటికీ నిలిచి ఉంది. రక్షణ కాగితంపై ఉండి కాళ్ళ కింద లేకపోతే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

చివరగా మా వారితోనే ఒక మాట. వడ్డీ నిషిద్ధమని నమ్మే సమాజం మనది. ఆ నమ్మకం బ్యాంకు పాసుపుస్తకంతో ఆగిపోదు. చదవలేనివాని అవసరాన్ని లాభంగా మార్చే ప్రతి బేరానికీ అది వర్తిస్తుంది. అరకులో చల్లగాలి బాగుంది, కాఫీ బాగుంది, గిరిజన మిత్రుని పేరిట ఒక స్థలం తీసుకొని అతిథిగృహం కట్టుకుందామనే ఆలోచన మన వ్యాపారులలో ఎవరికైనా ఉంటే, ప్రభుత్వం కన్నా ముందు వారే ఈ వ్యాసానికి జవాబు చెప్పాలని కోరుతున్నాము.