ఆదివారం చర్చికి... సోమవారం సంతకి!

అది 1930ల నాటి మాట. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఓ రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందట. ఆదివారం వాన కురిసినా తడవకుండా చర్చికి వెళ్లాలి, సోమవారం అదే బండిలో పందుల్ని సంతకి తీసుకెళ్లాలి, అలాంటిదొకటి చేసి పెట్టమన్నది దాని సారాంశం. రెండు బండ్లు కొనే స్తోమత లేని ఇల్లాలి కోరిక మరి! ఆ బాధ్యత లూ బాండ్ట్ అనే కుర్ర డిజైనర్ మీద పడింది. ముందు కారు, వెనక తొట్టితో 1934లో ‘యూట్’ తయారైంది. అమెరికాలో 1957లో రాంచెరో, 1959లో ఎల్ కమినో అదే బాట పట్టాయి.

అప్పట్నుంచీ ఒకటే వాదన... కారుకి తొట్టి తగిలిస్తే ట్రక్కయిపోతుందా?

తేడా అంతా అడుగునే ఉంది. అసలు ట్రక్కుకి మన లారీలాగే నిచ్చెన ఆకారంలో ఉక్కు చాసిస్ ఉంటుంది. క్యాబినూ తొట్టీ దానిమీద విడివిడిగా కూర్చుంటాయి. బరువంతా చాసిస్‌దే. తొట్టి పాడైతే విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. ఇప్పటి కారు తరహా పికప్‌లో అలా కాదు, బాడీయే చాసిస్. అందుకే తేలిక, కుదుపులు తక్కువ, ఎక్కడం సులువు.

మరి బరువు మాటేమిటంటారా? ఫోర్డ్ మావెరిక్, హోండా రిడ్జ్‌లైన్‌ల తొట్టిలో దాదాపు 680 కిలోలు వేయొచ్చు. అంటే పదమూడు సిమెంటు బస్తాలు. ఇంటి అవసరానికి ఇంకేం కావాలి! పైగా 2022 మోడల్ మావెరిక్ హైబ్రిడ్ నగరంలో లీటరుకి సుమారు 18 కిలోమీటర్లు ఇస్తుందని అక్కడి ప్రభుత్వ లెక్క. రిడ్జ్‌లైన్ తొట్టి కింద తాళం వేసుకునే డిక్కీ కూడా ఉంది. అందులో ఐసు నింపి కూల్‌డ్రింకులు పెట్టుకుంటారు, నీళ్లు పోవడానికి అడుగున బిరడా ఉందిలెండి. పెద్ద ట్రక్కులకి ఇన్ని సోకులు ఎక్కడివి?

వెనక ట్రైలర్ తగిలించినప్పుడే అసలు పరీక్ష. మావెరిక్ మామూలుగా 900 కిలోలు లాగుతుంది, ప్రత్యేక సామగ్రితో 1,800. రిడ్జ్‌లైన్ 2,270 దగ్గర ఆగిపోతుంది. చాసిస్ మీద కట్టిన ఎఫ్-150లో గట్టి రకాలు 6 వేల కిలోలు దాటి లాగేస్తాయి. మావెరిక్ తొట్టి పొడవు కూడా నాలుగున్నర అడుగులే. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు వేస్తే సగం బయటే! పశువుల ట్రైలర్ లాగే రైతుకీ, రోజూ ఇసుకా ఇనుమూ మోసే మేస్త్రీకీ ఇది చాలదు. నెలకోసారి మొక్కలో, మంచమో తెచ్చుకునే కుటుంబానికి మాత్రం పెద్ద ట్రక్కు పెట్రోలు దండగే.

చిత్రమేమిటంటే, యూట్ పుట్టినింట్లోనే దాని కథ ముగిసింది. 2016లో ఫోర్డ్, 2017లో హోల్డెన్ ఆస్ట్రేలియాలో వాటి తయారీ ఆపేశాయి. ఆ తర్వాత అక్కడ అమ్మకాల్లో ముందు నిలిచినవి హైలక్స్, రేంజర్... రెండూ చాసిస్ ట్రక్కులే. కాకపోతే లోపల ఏసీ, మెత్తటి సీట్లు, నలుగురైదుగురికి చోటు. ఇప్పుడు చర్చికీ సంతకీ వాటిలోనే వెళ్తున్నారు.