వాన అడిగే ముందు

వేసవి చివరి నెలలలో నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో ప్రతి నమాజు తర్వాత ఎత్తిన చేతులలో ఒక కోరిక తప్పక ఉంటుంది. అది వాన. బోరు ఎండిన రైతూ, ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన ఇల్లాలూ, మేకలకు మేత దొరకని కాపరీ అడిగేది ఒక్కటే. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు అంటారు. దివ్య ఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ అధ్యాయం తన చివరి వాక్యంలో ఈ రెంటినీ అల్లాహ్‌కు మాత్రమే తెలిసిన విషయాలలో చేర్చింది. కనుక అడగవలసినది ఆయననే. ఇందులో సందేహం లేదు.

అయితే మనం అడుగుతున్న వాన ఎక్కడి నుండి వస్తుంది? ఎవరి మీదుగా వస్తుంది? అడగడానికి ముందు మనం తీర్చవలసిన బాకీలు ఏమైనా ఉన్నాయా? ఈ నెల ఈ ప్రశ్నలను హాలియా ప్రాంతాన్ని ముందుంచుకొని పాఠకులతో కలిసి ఆలోచించదలిచాము.

కాలువ నీరు, మబ్బు నీరు

హాలియా నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని పట్టణం. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. అప్పటి నుండి ఈ ప్రాంతం రెండు రకాల బ్రతుకులుగా విడిపోయింది. కాలువకు దిగువన వరి మడులు ఉన్నాయి. ఎగువన బోర్ల మీద, మబ్బుల మీద ఆధారపడిన పత్తి చేలు, బత్తాయి తోటలు ఉన్నాయి.

ఈ ఇద్దరు రైతులూ వాననే అడుగుతారు గాని, వారు అడిగే వాన ఒకటి కాదు. కాలువ రైతుకు కావలసిన వాన హాలియాలో కురవదు. అది మహారాష్ట్రలోని పడమటి కనుమలలో, కృష్ణానది పుట్టిన మహాబలేశ్వర ప్రాంతంలో కురవాలి. ఆ వరద ఆల్మట్టి నిండి, నారాయణపూర్ నిండి, జూరాల దాటి, శ్రీశైలం నిండిన తరువాతనే సాగర్‌కు చేరుతుంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఆ మట్టం పెరిగితేనే ఎడమ కాలువ చివరి భూముల వరకు ఆశ చిగురిస్తుంది.

ఎగువ రైతు చూపు తూర్పు వైపు ఉంటుంది. వానకాలంలో ఉత్తర భారతం నుండి బంగాళాఖాతం వరకు ఒక ద్రోణి సాగి ఉంటుంది. అది హిమాలయాల పాదాల వైపు జరిగినప్పుడు మన వైపు వానలు ఆగిపోతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి పడమర దిశగా కదిలితే ద్రోణి తిరిగి దక్షిణానికి వస్తుంది, మెట్ట ప్రాంతాలలో చెరువులు నిండుతాయి. అందుకే వార్తలలో ‘అల్పపీడనం’ అనే మాట వినబడగానే మన ఇళ్ళలో ముఖాలు వెలుగుతాయి. అదే మాట వినగానే తీరంలోని మత్స్యకారుల ఇళ్ళలో ముఖాలు వాడిపోతాయి. ఒకే మబ్బు ఒక ఇంట ఆశ, మరొక ఇంట భయం.

ఒక ఎండ, ఒక వరద

ఈ మాట ఎంత నిజమో 2023, 2024 సంవత్సరాలు మనకు చూపాయి. 2023 ఆగస్టు మాసం దేశంలో 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. దేశమంతటా సాధారణం కన్నా 36 శాతం తక్కువ వాన పడింది. అది ఎల్ నినో ప్రభావం ఉన్న సంవత్సరం. కృష్ణ పైజలాశయాలకు చాలినంత వరద రాలేదు. ఆ యాసంగిలో ఎడమ కాలువ కింద సాగుకు నీరు అందలేదు. బోర్లు నమ్ముకొని నాటిన పొలాలు కళ్ళముందే ఎండాయి. బత్తాయి చెట్లను కాపాడుకోవడానికి ట్యాంకర్లతో నీరు కొని పోసిన వారున్నారు. వరి ఒక పంటతో పోతుంది. బత్తాయి తోట ఎండితే ఏళ్ళ తరబడి పడిన కష్టం పోతుంది.

2024 వేసవిలో సాగర్ నీటిమట్టం కనీస మట్టమైన 510 అడుగులకు కూడా దిగువకు చేరింది. హైదరాబాదు త్రాగునీటి కోసం పుట్టంగండి వద్ద అత్యవసర పంపులు పెట్టవలసి వచ్చింది. నగరంలో కొళాయి త్రిప్పే గృహిణికీ, హాలియాలో ఆకాశం వైపు చూసే రైతుకూ ఆధారం ఒకే జలాశయమని ఆ వేసవి గుర్తుచేసింది.

తరువాత కరుణ దిగింది. 2024 జులై చివర పడమటి కనుమల వరద వచ్చి, ఆగస్టు మొదటి వారానికే సాగర్ గేట్లు ఎత్తారు. ఎడమ కాలువలో నీరు పారింది. ఆ నెల గడవగానే, బంగాళాఖాతంలోని వాయుగుండం కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. ఆ వానకు బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగాయి. మున్నేరు పొంగి ఖమ్మం ఇళ్ళలోకి నీరు వచ్చింది. సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలో, నీటికై ఎదురుచూసిన ఆ ఎడమ కాలువకే గండి పడి పొలాలు మునిగాయి. ఖమ్మంలో వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక ముస్లిం జేసీబీ డ్రైవరు తన ప్రాణానికి తెగించి ఒడ్డుకు చేర్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

నీరు లేక ఏడ్చిన సంవత్సరమూ, నీరు ఎక్కువై ఏడ్చిన రోజూ ఇంత దగ్గరగా ఉన్నాయి.

మదీనాలో రెండు శుక్రవారాలు

ఈ రెండు స్థితులకూ దుఆ నేర్పిన సంఘటన ఒకటి సహీహ్ బుఖారీలోనూ, సహీహ్ ముస్లింలోనూ ఉంది. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) దానిని ఉల్లేఖించారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) శుక్రవారం ఖుత్బా ఇస్తుండగా ఒక వ్యక్తి మస్జిదులోకి వచ్చి, పశువులు నశిస్తున్నాయని, దారులు తెగిపోయాయని మొరపెట్టుకున్నాడు. ప్రవక్త (స) చేతులెత్తి వాన కోసం వేడుకున్నారు. అప్పటి వరకు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. సల్అ కొండ వెనుక నుండి డాలు అంత మబ్బు లేచి, ఆకాశమంతా పరుచుకొని కురిసింది. వారం రోజులు ఎడతెగలేదు.

మరుసటి శుక్రవారం అదే ద్వారం నుండి ఒక వ్యక్తి వచ్చి, వాన ఆగేటట్లు ప్రార్థించమన్నాడు. ప్రవక్త (స) మళ్ళీ చేతులెత్తారు. అయితే వానను పూర్తిగా ఆపమని కోరలేదు. అది జనావాసాల మీద కాక చుట్టుపక్కల గుట్టల మీద, లోయలలో, చెట్లు మొలిచే చోట్ల కురవాలని కోరారు. ప్రజలు ఎండలో నడుస్తూ ఇళ్ళకు చేరారు.

ఈ రెండవ దుఆను మనం అంతగా గుర్తుంచుకోము. అందులో ఎంత వివేకమున్నదో చూడండి. కారుణ్యాన్ని వెనక్కి తీసుకొమ్మనే మాట ఆ నోట రాలేదు. ఆ కారుణ్యం ఎవరికీ హాని కాని చోట దిగాలని మాత్రమే వచ్చింది. హాలియాలో వాన అడిగే మనం విజయవాడ పేటలను, ఖమ్మం వాడలను, తీరంలోని గుడిసెలను కూడా ఆ దుఆలో చేర్చాలని మేము కోరుతున్నాము. మన చెరువు నిండే వాన పొరుగువారి ఇల్లు ముంచకూడదని అడగడం విశ్వాసి మర్యాద.

ఈద్గాహ్‌కు వెళ్ళే ముందు

కరువు తీవ్రమైనప్పుడు చేసే ప్రార్థన ఇస్తిస్ఖా. ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో దాని సారం దుఆ, క్షమాభిక్ష. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ రెండు రకాతుల జమాఅత్ నమాజును సున్నత్‌గా పేర్కొన్నారు. ఊరి బయట మైదానానికి పాత దుస్తులలో, వినయంగా నడిచి వెళ్ళాలని, వృద్ధులను, పిల్లలను వెంట తీసుకుపోవాలని, బయలుదేరే ముందు సదఖా ఇవ్వాలని, ఇతరుల హక్కులు తిరిగి చెల్లించాలని ఫిఖ్హ్ గ్రంథాలు సూచిస్తాయి. పశువులను కూడా వెంట తీసుకుపోవడం మంచిదని అందులో ఉంది. ఇమామ్ తన పైవస్త్రాన్ని త్రిప్పి వేసుకోవడం స్థితి మారాలన్న ఆశకు గుర్తు.

ఈ సూచనలలో హక్కుల చెల్లింపు మాటను మనం తొందరగా దాటిపోతాము. ఎండిన పొలానికి కౌలు మాత్రం పూర్తిగా వసూలు చేసుకొని, ఆ సాయంత్రమే ఈద్గాహ్‌లో వాన అడిగితే ఆ దుఆకు బరువు ఎక్కడిది? బఖరా అధ్యాయం, ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి గడువివ్వాలని, మాఫీ చేస్తే ఇంకా మేలని బోధిస్తున్నది. పొలం కౌలుకు ఇచ్చినవారు, చేబదులు ఇచ్చినవారు, ఎరువుల దుకాణంలో బాకీ పుస్తకం ఉన్నవారు మన పాఠకులలో ఉన్నారు. కరువు ఏడాది ఆ పుస్తకంలో ఒక పేజీ చింపడం కూడా వాన ప్రార్థనలో భాగమేనని మనవి.

జకాతు ఆపిన సమాజానికి వాన ఆగుతుందని, పశువులే లేకుంటే అసలు వాన పడదని తెలిపే హదీసు ఇబ్నె మాజాలో ఉంది. ఈ మాటను ఎండిన చేను గట్టున నిలబడిన పేదవాని మీదికి విసరరాదు. అది ఇవ్వగలిగి ఇవ్వని వారిని ఉద్దేశించిన హెచ్చరిక. పంటలోనూ పేదలకు హక్కు ఉంది. వాననీటితో పండిన దానిలో పదవ వంతు, శ్రమపడి తోడిన నీటితో పండిన దానిలో ఇరవయ్యవ వంతు అని హదీసు నిర్ణయించింది. నీరు తోడే కష్టాన్ని షరీఅత్ లెక్కలోకి తీసుకున్నది. మన భూములకు ఇది ఎలా వర్తిస్తుందో స్థానిక ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

కరువులో నాయకుని కంచం

హిజ్రీ 18వ సంవత్సరంలో అరేబియాలో పెద్ద కరువు వచ్చింది. గాలికి బూడిదవంటి దుమ్ము లేచినందున దానిని బూడిద సంవత్సరం అన్నారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వంటి ప్రాంతాల నుండి ధాన్యం తెప్పించి పంచారు. ప్రజలకు దొరికే వరకు తాను నెయ్యి, పాలు ముట్టనని ఒట్టుపెట్టుకున్నారు. నూనెతో రొట్టె తిని ఆయన మేనిరంగు మారిందని చరిత్రకారులు వ్రాశారు. ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ని ముందుంచి ప్రజలందరితో వాన కోసం దుఆ చేయించారు. ఆ దుఆ వెనుక ధాన్యం బండ్లు ఉన్నాయి, నాయకుని ఖాళీ కంచం ఉంది.

మన ఊళ్ళలో ఆ కంచం స్థానంలో బోరు ఉంది. పక్కవాని బోరు ఎండితే మనం ఇంకా లోతుకు వేస్తాము. మన బోరుకు నీరు పడితే అతని బావి పూర్తిగా అడుగంటుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బోరు వేయడానికి అనుమతి ఉండాలని చెబుతుంది. చట్టం చూడకపోయినా పొరుగువాని హక్కును అల్లాహ్ చూస్తాడు. కఠినశిలల నడుమ ఎక్కువ కాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు పేరుకోవడం నల్లగొండకు తెలిసిన పాత బాధ. వంగిన ఎముకలు, గారపట్టిన పళ్ళు చూడని ఊరు ఇక్కడ అరుదు. ముల్క్ అధ్యాయం నేలలోకి ఇంకిపోయిన నీటిని గురించిన ప్రశ్నతోనే ముగుస్తుంది. దానిని రాత్రి పడుకునే ముందు పఠించే ఇళ్ళు మనవే.

కుటుంబం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకు తక్కువతోనే వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. కొళాయి వదిలి వుజూ చేస్తే దానికి ఎన్నో రెట్లు పోతుంది. పిల్లలకు చెంబుతో వుజూ నేర్పండి. మస్జిదు కమిటీలు వుజూ నీటిని మురికికాలువలోకి వదలక, ఇంకుడు గుంతకో చెట్లకో మళ్ళించాలి. మిద్దె నీరు పడేచోట ఇంటింటా ఒక ఇంకుడు గుంత తొలకరికి ముందే తవ్వించాలి. వాన అడిగి, అది వచ్చిన రోజున దానిని వీధిలోకి పారనివ్వడం మర్యాద కాదు. వాకిట ఒక తొట్టిలో పక్షులకు, పశువులకు నీరు పెట్టాలి. ట్యాంకరు వచ్చినప్పుడు నడవలేని పక్కింటి అవ్వ బిందె మొదట నింపాలి. ఆమె ఏ మతస్తురాలో అడగనవసరం లేదు. ఆ మబ్బు కూడా అడగదు.

ఈ వేసవిలో వాన ఎప్పుడు దిగుతుందో ఆయనకే తెలుసు. అంతవరకు ప్రతి ఇంట ఇస్తిగ్ఫార్ సాగాలి. బాకీలు సడలాలి, నీటి చెంబు పొదుపుగా వంగాలి. ఎగువ కనుమల మీద చాలినంతగా, మన చెరువుల మీద నిండుగా, తీరంలోని పేదల పైకప్పుల మీద మెల్లగా కురిసే మేలైన వానను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.