"నాలుగు తగిలించండి టీచర్" అనే మాట మానేద్దాం!

విల్లియనూరు తెలుగు అమ్మలకు, నాన్నలకు, బడి టీచర్లకు మనవి.

ఎల్‌కేజీ గది గుమ్మం దగ్గర బిడ్డ చెయ్యి వదులుతూ ఆ మాట అనని వాళ్లం మనలో ఎందరం? "మాట వినకపోతే నాలుగు తగిలించండి టీచర్!" బిడ్డ బాగుపడాలనే అంటాం. కానీ మన కొంగు పట్టుకుని నిలబడ్డ నాలుగేళ్ల పసిది ఆ మాట వింటుంది. అమ్మ కూడా బెత్తం వైపే అని దానికి అర్థమైపోతుంది. ఇక ఆ గదిలో దానికి దిక్కెవరు?

బెత్తం ఉన్న గదిలో చప్పుడుండదు. అది చూసి మురిసిపోతాం. కానీ ఆ భయం నేర్పేది వేరు. పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడుల్లో 3, 4 ఏళ్ల పిల్లలను గమనించి, విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు 2011లో ఒక సంగతి బయటపెట్టారు. ఒక బడిలో కొట్టడం, గిల్లడం మామూలు. రెండోదాంట్లో మందలింపుతో సరి. పిల్లల వెనక పెట్టిన బొమ్మను తొంగి చూడొద్దని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్లారు. రెండు బడుల్లోనూ చాలామంది చూసేశారు, పసిపిల్లలు కదా! "చూశావా?" అని అడిగితే దెబ్బల బడి పిల్లలే ఎక్కువగా అబద్ధమాడారు. ఆడిన అబద్ధాన్ని నేర్పుగా నిలబెట్టుకున్నారు కూడా. మూడేళ్లకే!

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు. చెప్పింది అర్థంకాక నిలబడిపోయిన బిడ్డకు మొండిఘటమని పేరు పడుతుంది. దెబ్బ పడితే వచ్చిన రెండు మాటలూ మింగేస్తుంది. పక్కన కూర్చున్న పిల్లలూ బిగుసుకుపోతారు.

హద్దులు వద్దనడం లేదు. వంగి, బిడ్డ కళ్లలోకి చూసి, ఏం చెయ్యాలో ఒక్క మాటలో చెప్పే టీచరు గదిలోనూ హద్దులుంటాయి. 1939లో పిల్లల విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, బెత్తం లేని ఇలాంటి బోధనలోనే టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఈ దారి మనకు కొత్తది కాదు.

విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించి వేధించడాన్ని నిషేధించింది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికోసం రాసింది. ఆరేళ్ల వాణ్ణి కొట్టకూడనప్పుడు నాలుగేళ్ల దాన్ని కొట్టొచ్చా?

టీచరమ్మలను నిందించడానికి ఈ కాగితం వెయ్యలేదు. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలని 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం చెబుతోంది. గది నిండా పిల్లలను కుక్కి ఒక్కరికే అప్పగిస్తే ఎంత ఓపికైనా చాలదు. ఆయాను పెట్టమని యాజమాన్యాన్ని అడగాల్సింది మనమే.

రేపు గుమ్మం దగ్గర ఇలా అనండి: "మా పాపకు ఇంగ్లీషు ఇంకా రాదు, కాస్త చూసుకోండమ్మా." ఇంట్లో "టీచర్‌కు చెప్తా" అని బెదిరించకండి. తల్లిదండ్రుల మీటింగులో లేచి, బిడ్డ ఏడిస్తే ఏం చేస్తారని అడగండి. దెబ్బల గుర్తులు కనిపిస్తే ముందు బడిలో అడగండి, జవాబు రాకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యండి. ఈ కాగితం చదివాక పక్కింటివాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
విల్లియనూరులో ఒక ఎల్‌కేజీ పాప తల్లి