సన్నని మేనిలోని క్రొవ్వు



“మా యింట నందఱును సన్ననివారే, మాకు గుండెజబ్బేల వచ్చును?” అని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు గృహిణులు ధైర్యముగ నుండరాదు. ఎత్తును బరువును సమానమే యైనను, ఐరోపావారికంటె మనవారికి కండ తక్కువ, పొట్టలోని క్రొవ్వు ఎక్కువ. కావుననే మధుమేహము, గుండెజబ్బు మనవారికి చిన్న వయసుననే తగులుచున్నవి.

కిలోల బరువును మీటర్ల యెత్తుచే రెండుమాఱులు భాగింపగా వచ్చు సంఖ్య 25 అయినచో అధికబరువని లోకమున లెక్క. ఆసియావారు 23 నుండియే జాగ్రత్తపడవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు 2004లో తెలిపిరి. కుట్టుపని టేపుతో నడుము కొలిచి చూడుడు. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటరాదు.

ఇందులకు గల కారణములలో నొకటి తల్లిగర్భముననే యున్నది. పుణె ప్రాంతపు శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చిన పరిశోధన 2003లో వెలువడెను. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, వారిది 3.5. మనవారికి కండ మిక్కిలి తగ్గెను గాని క్రొవ్వు అంతగా తగ్గలేదు. ఇట్లు బక్కగ పుట్టి, పిదప కాయకష్టము మాని త్వరగా లావెక్కువారికి అపాయ మధికము.

దీనిని కొంత మాన్పవచ్చునని మన తెలుగునాటనే తేలినది. 1987–1990 నడుమ జాతీయ పోషకాహార సంస్థవారు హైదరాబాదు సమీపమున కొన్ని గ్రామముల గర్భిణులకు, పసిపిల్లలకు ఉప్మా పెట్టించిరి. ఆ పిల్లలు 13–18 ఏండ్లవారైన పిమ్మట, ఆ యాహారము అందని గ్రామముల పిల్లలతో పోల్చిరి. వీరు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగ నుండిరి. రక్తనాళముల బిరుసుదనము తక్కువగ నుండెను. ఇన్సులిన్ చక్కగ పనిచేయుచుండెను. ఈ ఫలితములు 2008లో ప్రకటింపబడినవి.

కాబట్టి అత్తగారలారా! బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని చూలాలి కంచములో అన్నము తగ్గింపకుడు. అందఱును తిన్న పిదప మిగిలినది ఆమెకు పెట్టకుడు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుప్పెడు పల్లీలు మన యిండ్లలో దొరకునవే. తెలంగాణ ప్రభుత్వము 2015లో ఆరంభించిన ఆరోగ్యలక్ష్మి పథకమున అంగన్‌వాడీలో భోజనము, పాలు, గ్రుడ్డు గర్భిణులకు ఏర్పఱచిరి. దానిని ఇంటి భోజనమునకు తోడుగ గొనవలెను గాని బదులుగ కాదు.

పెద్దలు దినమున కొంతసేపు నడువవలెను, పొగాకు మానవలెను. నలువదేండ్లు రాకమునుపే రక్తపుపోటును, చక్కెరను పరీక్ష చేయించుకొనవలెను. సన్నగ నున్నామని ఊరకుండరాదు.