వీరుల సమాగమము

ఇద్దరు వీరులలో నెవడు మిన్న? ఈ ప్రశ్న పిల్లల నోట వినబడినప్పుడు పెద్దలు నవ్వి యూరకుందురు. అమెరికా దేశమున నీ ప్రశ్నయే గొప్ప వర్తకమునకు మూలమైనది. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్ ఒక ప్రచురణ సంస్థ సొత్తు. 1962లో పుట్టిన స్పైడర్‌మ్యాన్ దాని పోటీ సంస్థ సొత్తు. 1976లో నా సంస్థలు రెండును చేయి కలిపి వీరిద్దరిని ఒకే చిత్రకథలో నిలిపినవి. వారు తొలుత అపోహచే పోరి, పిదప చెలిమి చేసి, తమ శత్రువులను గూడి జయించిరి. 2003లో నీ రెండు సంస్థల వీరబృందములే కలిసికొన్నవి. ఆ కథకు బొమ్మలు వ్రాసిన జార్జి పెరెజ్ మరణవ్యాధితో నుండగా, 2022లో నాయన గౌరవార్థము 7,000 ప్రతులు మరల ముద్రించిరి. పెక్కేండ్లు నిలిచిన యీ పొత్తు 2025లో బ్యాట్‌మ్యాన్, డెడ్‌పూల్‌ల కలయికతో తిరిగి చిగిర్చినది. ఈ పుస్తకములకై యెదురు చూచువారిలో బాలురకంటె, బాల్యమున నా వీరులను ప్రేమించి నేడు తల నెరిసినవారే మిక్కిలిగ కానవత్తురు.

ఇది పాశ్చాత్యుల వెర్రి యని మనలో కొందరీసడింతురు. ఇట్టి కల్పన మనకు లేదే యని మరికొందరు చింతింతురు. రెండు మాటలును నిలువవు. చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి ‘గయోపాఖ్యానము’ మరేమి? గయుడను గంధర్వుని యుమ్మి కృష్ణుని దోసిట బడెను. వాని జంపుదునని కృష్ణుడు శపథము చేసెను. సంగతి యెరుగక యర్జునుడు వానికి నభయ మిచ్చెను. వ్యాసభారతమున లేని యీ యుద్ధమును తెలుగువారు రంగస్థలముపై తనివిదీర చూచిరి. 1963లో నందమూరి కృష్ణుడుగను, అక్కినేని యర్జునుడుగను తెరపై తలపడగా మరల చూచిరి. 1975లో ‘శ్రీరామాంజనేయ యుద్ధము’నకును జనులు కదలిరి.

ఇందలి రుచి పోరాటమున లేదు; స్మృతిలో నున్నది. చక్రమెత్తిన చేయి నాడు పగ్గములు పట్టిన చేయియే యని యెరిగినవానికే గుండె ఝల్లుమనును. ఎరుగనివానికది యిద్దరపరిచితుల కుస్తీ మాత్రమే. వీరుల కలయికకు వంతెన పాఠకుని బాల్యమే.

ఈ మాట నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమువారు ప్రత్యేకముగ నాలోచింపదగినది. వీరి నేలయగు రేనాటనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నాతని నురిదీసి, తలను కోటగుమ్మమున వ్రేలాడదీసిరి. 2019లో వచ్చిన ‘సైరా’ చిత్రమున ఝాన్సీ రాణి తన సైనికులకీ రేనాటి వీరుని కథ చెప్పును. 2022లో వచ్చిన ‘ఆర్ ఆర్ ఆర్’ చిత్రమున అల్లూరి సీతారామరాజు, కొమురం భీము ప్రాణస్నేహితులైరి. ఇవి కల్పనలు, తప్పేమియు లేదు. చరిత్ర కలుపని చేతులను కలుపవలెనని జాతి కోరుట సహజము.

కాని కలయికను మాత్రమే చూచి, వేరువేరు జీవితముల నెరుగని బాలుని గతి యేమి? 1924లో సీతారామరాజును, 1940లో భీమును ఏల తుపాకులకు బలియైరో వాడెరుగడు. కోయిలకుంట్ల తనకు చేరువనే యున్నదనియు నెరుగకపోవచ్చును. వానికి కల్పనయే చరిత్ర యగును. ఇదియే మనకు భయము. 1947లో మొదలై తరతరముల పిల్లలకు మూలకథలను బొమ్మలతో నందించిన ‘చందమామ’ నిలిచి పదేండ్లు దాటినది. ఆ చోటు నింకను బలముగ నింపినవారు లేరు.

ఈ సీమకు దారి చూపు దృష్టాంత మీ సీమలోనే కలదు. అహోబిలస్వామి యేటేట కనుమనాడు పారువేటకు వెడలి, నలుబది దినములకు పైగా ఆళ్లగడ్డ చుట్టునుగల పల్లెలలో నూరూర తిరిగి, తన పెండ్లికి జనులను పిలుచునని ప్రతీతి. జనులు కొండకు రావలెనని కూర్చుండక, కథయే జనుల వాకిటికి పోవుచున్నది. నరసింహారెడ్డి కథయు, చెంచులక్ష్మి కథయు నటులే మంచి బొమ్మలతో, చౌకవెలకు, ప్రతి బడికిని గ్రంథాలయమునకును పోవలెను. వీరులను ముందుగ నొక్కొక్కరినే పిల్లలకు పరిచయము చేయుదము. పిదప వారిని కలుపు పని పిల్లలే చేసికొందురు.