అవ్వ మాట వినుడి

క్రిస్మసు సమీపించగానే మన యిండ్లకు సున్నము వేయుదురు, వాకిట నక్షత్రమును వ్రేలాడదీయుదురు, అరిసెలు వండుదురు. హైదరాబాదు నుండియు పరదేశముల నుండియు బిడ్డలు వత్తురు. ఈ సందడిలో అవ్వకు దక్కునది ఒక క్రొత్త చీరయు, మూలనున్న కుర్చీయు. ఆమె చేసిన అరిసెలను అందరును మెచ్చుదురు గాని, ఆమె మాట వినుటకు ఎవరికిని తీరిక లేదు. ఇది తగదని నా అభిప్రాయము.

మన సంఘములను కట్టుటలో స్త్రీల పాలు స్వల్పము కాదు. 1854 జనవరి 1వ తేదీ వేకువను, లైమన్ జ్యూయెట్ దొరగారితో ఒంగోలు కొండనెక్కి ప్రార్థించినవారిలో ఆయన భార్యయు, జూలియా, రూతు అను తెలుగు స్త్రీలును ఉండిరి. ఆ సంగతి గ్రంథముల కెక్కినది. మన కుటుంబములో మొదట చదువు నేర్చిన దెవరు? పంట పోయిన యేట పిల్లల నెట్లు పోషించిరి? ఊరికి విద్యుద్దీపములు రాని దినములలో డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధనకు ఏ వెలుతురున నడచిరి? ఇవి ఏ గ్రంథమునను లేవు. అవ్వ జ్ఞాపకమునందే యున్నవి, ఆమెతోడనే పోవును.

“అవ్వ చెప్పినదే చెప్పును” అని కొందరందురు. నిజమే. ఎక్కములును పలుమార్లు విన్నగాని మనకు రాలేదు గదా!

విద్యార్థులారా, క్రిస్మసునకును సంవత్సరాదికిని నడుమ ఆరు దినములున్నవి. దినమునకొక గడియ అవ్వయొద్ద కూర్చుండి, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడి. తలిదండ్రులారా, మీరును ఆ ప్రక్కనే కూర్చుండుడి. క్రొత్త చీరకంటె ఆమెకు అది ప్రియమైన కానుక.