తగ్గాలి... తొందర లేకుండా!

మూడో నెలో ఐదో నెలో వస్తుంది. పుట్టింటి నుంచి బిడ్డతో అత్తారింటికి బయల్దేరే వేళ పాత జాకెట్టు చేతులకు ఎక్కదు. చూడొచ్చిన వాళ్లందరిదీ ఒకటే పలకరింపు, 'బాగా ఒళ్లు చేశావే!' అని. అంతే... మర్నాటి నుంచి పొద్దున టిఫిన్ బంద్, రాత్రికి ఒక్క పుల్కా. చంటిబిడ్డ మాత్రం రెండు మూడు గంటలకోసారి పాలకు ఏడుస్తూనే ఉంటుంది.

తొమ్మిది నెలల్లో పెరిగిన బరువు తొమ్మిది వారాల్లో పోవాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. కాన్పుతోనే బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి ఐదు కిలోల దాకా తగ్గుతాయి. ఒంట్లో చేరిన నీరు తర్వాతి వారాల్లో పోతుంది. ఇక మిగిలేది కొవ్వు. అందులో కొంత, పాల కోసమే శరీరం ముందుచూపుతో దాచుకున్నది.

పాలు ఊరికే తయారు కావు మరి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం బాలింతకు మొదటి ఆరు నెలలూ రోజుకు 600 క్యాలరీలు, తర్వాతి ఆరు నెలలూ 520 క్యాలరీలు అదనంగా కావాలి. 600 క్యాలరీలంటే సుమారుగా రెండు చపాతీలు, కప్పు పప్పు, ఓ గుడ్డు, గ్లాసు పాలు. దీన్ని పూర్తిగా కోసేసి కడుపు మాడ్చుకుంటే నీరసం, రక్తహీనత తప్పవు. మరీ తగ్గిస్తే పాలూ తగ్గొచ్చు. అప్పుడు డబ్బా పాలు ఇంట్లోకి వస్తాయి. రొమ్ము పట్టించడం తగ్గేకొద్దీ పాలు ఇంకా తగ్గుతాయి, వాటి కోసం ఖర్చయ్యే క్యాలరీలూ మిగిలిపోతాయి. సన్నబడాలని మొదలెట్టిన ఉపవాసం ఇలా ఎదురు తిరుగుతుంది!

పుట్టింటి పథ్యం సంగతీ చూడాలి. చాలా ఇళ్లలో బాలింతకు నెయ్యి వేసిన అన్నం, కారప్పొడి, కాయం ముద్దలు... ఇంతే. కూరగాయలు పడవంటారు, పండ్లు జలుబు చేస్తాయంటారు, నీళ్లు తాగితే పొట్ట వస్తుందంటారు. నీళ్లతో పొట్ట రాదు. తాగకపోతే మాత్రం మలబద్ధకం వస్తుంది. కారప్పొడి అన్నం పథ్యంలోనూ, ఒక్క పుల్కా డైటింగ్‌లోనూ లోటు ఒకటే... పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు. వీటిని కంచంలోకి తెచ్చి అన్నం, నెయ్యి, బెల్లం, మిఠాయిలు తగ్గిస్తే సగం పని అయినట్టే. దాహం వేసినప్పుడల్లా నీళ్లు, మజ్జిగ తాగొచ్చు. డాక్టరు రాసిన ఐరన్, క్యాల్షియం బిళ్లలు సన్నబడే హడావుడిలో మానకూడదు.

బరువు తగ్గించే ప్రయత్నం కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే. వారానికి అర కిలో తగ్గితే చాలు, అంతకు మించి ఆశపడక్కర్లేదు. నడక ఇంకా ముందే మొదలెట్టొచ్చు. సిజేరియన్ అయితే డాక్టరు సరేనన్నాకే వ్యాయామాలు. పొట్ట మీద బరువు పడేవి తర్వాత చూసుకోవచ్చు. బిడ్డకు పాలు పట్టించి బయల్దేరితే రొమ్ముల్లో బరువు ఉండదు, నడవడం హాయి. నడిస్తే పాలు తగ్గుతాయని, విరిగిపోతాయని భయపెట్టే వాళ్లుంటారు, నమ్మకండి. నడికట్టు నడుముకు ఆసరా ఇస్తుందే తప్ప కొవ్వును కరిగించదు. కుట్ల మీద బిగించి కడితే నొప్పి అదనం.

సన్నబరిచే పొడులు, మాత్రలు, కషాయాల జోలికి వెళ్లకూడదు. ఈమధ్య బాగా వినిపిస్తున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు కూడా పాలిచ్చే తల్లులకు వద్దనే చెబుతారు. మితంగా తింటున్నా, నడుస్తున్నా బరువు కదలక, విపరీతమైన అలసట, దిగులు ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. కాన్పు తర్వాత కొందరిలో ఆ గ్రంథి గాడి తప్పుతుంది. గుండె దడతో బరువు చకచకా తగ్గిపోతున్నా అదే పరీక్ష. దాన్ని చూసి మురిసిపోకూడదు.

పాలు చాలుతున్నాయా అన్న అనుమానం ఎలాగూ వెంటాడుతుంది. బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తుంటే, టీకాకు వెళ్లినప్పుడల్లా తూకం పెరుగుతుంటే దిగుల్లేదు. తూకం ఆగిందా... తల్లి డైటింగ్ ఆపి, ముందు బిడ్డను డాక్టరుకు చూపించాలి.